రెండు 3090 కార్డులకు 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలా? అసలు రెండు కార్డులు అవసరమా?

రెండర్‌శాల (కూకట్‌పల్లి)

నమస్తే అండి. బిల్డర్లకు ఎలివేషన్లు, ఇంటీరియర్ వాక్‌త్రూలు చేసిచ్చే చిన్న ఆఫీసు మాది. పనంతా బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో, దాని సైకిల్స్ రెండర్ ఇంజిన్‌తోనే (సీనును బొమ్మగా మార్చేది). సిస్టమ్ ఇదీ: రైజెన్ 9 5900ఎక్స్, ఎక్స్570 బోర్డు, 64 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు ఒకటి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై) మాత్రం అంతకుముందు సిస్టమ్‌ది, 2019లో కొన్న 850 వాట్ల గోల్డ్.

తెలిసినాయన ఒకరు తన 3090 అమ్మేస్తున్నారు. అది కూడా పెట్టుకుంటే రెండర్ టైమ్ దాదాపు సగానికి వస్తుంది. పైగా 70 బిలియన్ల పారామీటర్ల లాంగ్వేజ్ మోడల్ (చాట్‌జీపీటీ లాంటిది) ఒకటి ఆఫీసులోనే నడపాలని ఉంది, క్లయింట్ల అగ్రిమెంట్లు బయటి సర్వర్లకు పంపడం నాకిష్టం లేదు. షాపులో అడిగితే 1600 వాట్లు తీసుకోమన్నారు. వీడియోల్లో చూస్తే 850 చాలంటున్నారు. ఈ రెండిటి మధ్య తేడా పాతిక వేలకు తక్కువ లేదు. ఎవరి మాట వినాలి? లేదంటే ఉన్న 3090 కూడా అమ్మేసి రెండు 5060 టీఐ 16 జీబీ కార్డులు తీసుకోమంటారా?

వాట్లలెక్క

850 చాలు బ్రో. 1600 అమ్మితే షాపాయనకు లాభం, నీకేంటి? లెక్క చూసుకో. 3090 మామూలుగా 350 వాట్లు. పవర్ లిమిట్ కమాండ్‌తో 250కి దించు. వేగం ఆ నిష్పత్తిలో పడిపోదు, చివరి వంద వాట్లు ఆ కార్డు తాగేది చివరి కొద్ది మెగాహెర్ట్జ్ కోసమే. రెండిటికీ 500. ప్రాసెసర్ ఎంత గింజుకున్నా 142 దాటదు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు, ఫ్యాన్లు కలిపి 60 వేసుకో. మొత్తం 702. ఇంకా దాదాపు 150 మిగిలే ఉంది. కొత్తది కొనే డబ్బుతో ర్యామ్ వేయించుకో.

ఎస్‌ఎంపీఎస్_వైద్యం (విశాఖ)

ఇది కాకి లెక్క తమ్ముడూ. 350 అన్నా 250 అన్నా అది సగటు. కార్డు తను లాగుతున్న కరెంటును కొలుచుకుని, ఎక్కువైతే తగ్గించుకుంటుంది. ఆ కొలిచి తగ్గించే లోపే, మిల్లీసెకను కూడా పట్టని సమయంలో, 3090 ఐదొందల వాట్లు దాటి లాగేస్తుంది. దీన్నే స్పైకు అంటాం. 2020లో ఆ కార్డు వచ్చిన కొత్తల్లోనే ఆసిలోస్కోప్ పెట్టి చూపించారు ఈ విషయం.

సైకిల్స్‌లో జరిగేది గమనించు. ఫ్రేమ్ అయిపోగానే రెండు కార్డులూ ఖాళీ. తర్వాతి ఫ్రేమ్‌కు ప్రాసెసర్ సీను సిద్ధం చేస్తుంటుంది. కార్డు దగ్గర చెవి పెడితే కాయిల్స్ కీచుమనే చప్పుడు అప్పుడు ఆగిపోతుంది. సీను సిద్ధం కాగానే రెండూ ఒకేసారి లేస్తాయి, చప్పుడు మళ్లీ మొదలు. ముప్ఫై సెకన్ల వాక్‌త్రూ, సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే 750 సార్లు ఇలా పడి లేవాలి. ఆ 750లో ఒక్కసారి రెండు కార్డుల స్పైకులూ కలిసొచ్చాయనుకో, వెయ్యి వాట్లు కార్డులవే. పాత 850 యూనిట్లలో ఓవర్ పవర్ ప్రొటెక్షన్ (లోడు ఎక్కువైతే ఆపేసే రక్షణ) మామూలుగా రేటింగ్ మీద ఇరవై, ముప్ఫై శాతం పైన పెడతారు. టక్‌మని ఆరిపోతుంది.

అలా ఆరితే బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ ఏదీ కనపడదు. పవర్ బటన్ నొక్కినా పలకదు. వెనక స్విచ్ తీసి, కాసేపాగి వేస్తే ఏమీ జరగనట్టు లేస్తుంది. బోర్డు పోయిందనుకుని నా దగ్గరికి మోసుకొచ్చే సిస్టమ్‌లలో ఈ బాపతు చాలానే ఉంటాయి.

వాట్లలెక్క

స్పైకులు లేవని నేను అనలేదు అన్నా. కానీ అవి పుట్టేది బూస్ట్‌లో, అంటే కార్డు తనంతట తాను వేగం పెంచుకున్నప్పుడు. పవర్ లిమిట్‌తో పాటు క్లాక్ (చిప్పు నడిచే వేగం) కూడా 1400 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల లాక్ చేస్తే వోల్టేజే కిందుంటుంది, ఎగరడానికి ఎత్తే ఉండదు. 3090 బేస్ క్లాక్ 1395, అంటే కంపెనీ చెప్పిన వేగంలోనే నడుపుతున్నట్టు. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఎస్‌ఎంపీఎస్_వైద్యం

క్లాక్ లాక్ మంచి మాట, ఒప్పుకుంటాను. ఉత్త పవర్ లిమిట్ కంటే నూరు రెట్లు నయం. ఒక్క చిక్కుంది. సిస్టమ్ రీస్టార్ట్ అయితే ఆ లాకూ పోతుంది, లిమిటూ పోతుంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, సిస్టమ్ దానంతటదే లేచింది, రెండర్ మళ్లీ మొదలైంది. అప్పుడు నీ కార్డులు 350 మీదే ఉంటాయి. స్టార్టప్‌లో ఆ కమాండ్లు నడిచేలా టాస్క్ పెట్టుకోని వాళ్లకు ఈ సలహా ఇవ్వకు. ఏడు వేసవులు చూసిన కెపాసిటర్లు కొత్తప్పటి లాగే ఉంటాయని ఎవరైనా చెప్పినా నమ్మకు.

ఒక్కటే_ముద్దు

అందరూ వాట్ల మీద పడ్డారు, అసలు రెండో కార్డెందుకని అడిగినవాళ్లు లేరు. ఎస్‌ఎల్‌ఐ (రెండు కార్డులను కలిపి గేములు నడిపే ఎన్‌విడియా పద్ధతి) చచ్చిపోయింది మహాప్రభో. 2021 జనవరి 1 నుంచి ఎన్‌విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు ఇవ్వడమే మానేసింది. 4090కి ఎన్‌వీలింక్ (రెండు కార్డులను నేరుగా కలిపే లింకు) కనెక్టరే తీసేశారు. దారి ఎటు పోతోందో తెలియడం లేదా? ఒకే పెద్ద కార్డు కొనుక్కుని ప్రశాంతంగా ఉండండి. 5090లో 32 జీబీ ఉంది.

వాట్లలెక్క

ఎస్‌ఎల్‌ఐ గేములకు. ఇక్కడ గేముల ఊసే లేదు. సైకిల్స్‌కు ఎస్‌ఎల్‌ఐ అక్కర్లేదు, రెండు కార్డులూ కనపడితే చాలు, పని పంచుకుంటాయి. 5090 రెండు లక్షలు దాటింది, 575 వాట్లు తాగుతుంది. దానికి కంపెనీయే 1000 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటోంది. ప్రశాంతత ఎక్కడుంది ఇందులో?

టోకెన్_తాతయ్య (డాలస్)

రెండు కార్డుల మోజు నాది కూడా, రెండు 3090లతోనే మోడళ్లు నడుపుతాను. రెండర్‌శాల గారికి మోడల్ వైపు నుంచి చెబుతాను.

70 బిలియన్ల మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే 40 జీబీ దగ్గర తేలుతుంది. పైన కాంటెక్స్ట్‌కు (మనమిచ్చే ప్రశ్న, పత్రాలకు) ఇంకొంత. కాబట్టి రెండు 3090ల 24+24, అంటే 48 జీబీలో పడుతుంది, 32లో పట్టదు. 5090 ఎంత గొప్పదైనా, ఈ ఒక్క పనికి రెండు పాత 3090ల ముందు నిలబడదు. ఇక రెండు 5060 టీఐలంటే రెంటికీ చెడ్డ రేవడి. మొత్తం 32 జీబీయే, మెమరీ వేగం సెకనుకు 448 జీబీ. 3090ది 936. ఒక్కో టోకెన్‌కు (పదం ముక్కకు) మోడల్ మొత్తం మెమరీలోంచి చదవాలి కాబట్టి ఈ అంకెను బట్టే వేగం ఉంటుంది. 20 జీబీ మోడల్ అనుకోండి, 5060 టీఐల మీద సెకనుకు 22 టోకెన్లు పైహద్దు, 3090 మీద 46. నిజంగా వచ్చేది రెండిట్లోనూ ఇంకా తక్కువే అనుకోండి.

కరెంటు సంగతిలో మాత్రం వాట్లలెక్క గారి వైపు కాస్త మొగ్గుతాను. లామా సీపీపీ అనే ప్రోగ్రాంలో మోడల్‌ను పొరల వారీగా రెండు కార్డులకు పంచుతాం. ఒక్కరే వాడుతుంటే మొదటి కార్డు తన పొరలు లెక్క కట్టేదాకా రెండోది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. తర్వాత దీని వంతు, అదేమో ఖాళీ. రెండూ ఒకేసారి పూర్తి లోడు మీద ఉండటం అరుదు. అందుకే 850తో మోడళ్లు హాయిగా నడిపేవాళ్లు ఉన్నారు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు. కానీ అది సైకిల్స్ అనుభవం కాదు, ఫైన్‌ట్యూనింగ్ (మోడల్‌కు అదనపు శిక్షణ) అనుభవమూ కాదు. ఆ పనుల్లో రెండూ కలిసి లేస్తాయి. వీడియోల్లో 850 చాలన్నవాళ్లు ఏ పని చేస్తూ చాలన్నారో చూడండి ముందు.

ఇంకో మాట. ఇక్కడ మా ఇళ్లలో 120 వోల్టులు, మామూలు లైను 15 ఆంపియర్లు. గంటల తరబడి నడిచే లోడు 1440 వాట్లు దాటకూడదంటారు. మీకు 230 వోల్టులు, ఆ బాధ లేదు.

ఎస్‌ఎంపీఎస్_వైద్యం

మాకు వేరే బాధలున్నాయి తాతయ్య గారూ. వోల్టులు 230 అని గోడ మీద రాసుకోవచ్చు, మే నెల సాయంత్రం మీటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది.

రెండర్‌శాల

అందరికీ థాంక్స్. 5060 టీఐల ఆలోచన మానేశాను. సైకిల్స్‌లో సీను మొత్తం ప్రతి కార్డులోనూ విడిగా లోడ్ కావాలి కదా, 16+16 అంటే నాకు 16 కిందే లెక్క. పెద్ద విల్లా సీన్లు ఇప్పటికే 18 దాటుతున్నాయి. రెండు 3090లకు ఎన్‌వీలింక్ బ్రిడ్జి పెడితే బ్లెండర్‌లో మెమరీ పంచుకునే ఆప్షన్ ఉందన్నారు, కానీ బ్రిడ్జి దొరకడమే కష్టంగా ఉంది. అది లేకుండానే కానిస్తాను.

ఇక తేలాల్సింది ఎస్‌ఎంపీఎస్సే. 1000, 1200, 1600?

ఒక్కటే_ముద్దు

ప్లాటినం తీసుకోండి అదైనా. గోల్డ్ కంటే స్ట్రాంగ్.

ఎస్‌ఎంపీఎస్_వైద్యం

స్ట్రాంగ్ ఏంటి నాయనా? 80 ప్లస్ బ్యాడ్జి చెప్పేది గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా అవుతోందని, అంతే. స్పైకును తట్టుకుంటుందా, కెపాసిటర్లు ఎలాంటివి, ఇవేవీ దాని పరీక్షలో లేవు.

చూడాల్సింది ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉందా లేదా అన్నది. 2022లో వచ్చిన ఆ స్పెసిఫికేషన్ ఈ స్పైకుల గొడవకే ఎక్కువ జవాబు. రేటింగ్‌కు రెట్టింపు లోడు 100 మైక్రోసెకన్లు, 160 శాతం లోడు 10 మిల్లీసెకన్లు, 120 శాతం 100 మిల్లీసెకన్లు ఆరిపోకుండా మోయాలి. అంటే 1000 వాట్ల యూనిట్ సెకనులో వందోవంతు సేపు 1600 మోస్తుంది. అందుకే 1600 వాట్ల పాత డిజైన్ కోసం ఎగబడక్కర్లేదు. 2019 నాటి నీ 850కి ఈ పూచీ లేదు.

నా మాట 1200, ఏటీఎక్స్ 3.1. కారణం స్పైకు ఒక్కటే కాదు. కరెంటు పోయి యూపీఎస్ అందుకునే లోపు ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్నదానితోనే బోర్డును నిలబెట్టాలి. 3.1 ప్రకారం పూర్తి లోడులో 12 మిల్లీసెకన్లు నిలబడితే చాలు. ఇళ్లలో ఇన్వర్టర్లు యూపీఎస్ మోడ్‌లో మారడానికే పది దగ్గర తీసుకుంటాయి, ఎకో మోడ్‌లో పెడితే ఇంకా చాలా ఎక్కువ. 1000 వాట్ల యూనిట్ మీద 900 లోడు పెడితే అంచు మీద ఉన్నట్టే. 1200 మీద అదే లోడుకు ఇంకొన్ని మిల్లీసెకన్లు దొరుకుతాయి.

వాట్లలెక్క

క్లాక్ లాక్ పెడితే లోడు 700 దాటదని ముందే చెప్పాను. దానికి 1000 చాలు. 1200 వద్దని కాదు, అవసరం లేదంటున్నాను.

ఎస్‌ఎంపీఎస్_వైద్యం

డెడ్‌లైన్ రాత్రి పని తొందరగా అవ్వాలని లాక్ తీసేసేది నువ్వా నేనా? ఆయనే.

రెండర్‌శాల

నిజమే, తీసేస్తాను :)

యూపీఎస్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. నా దగ్గరున్నది 600 వీఏ.

టోకెన్_తాతయ్య

600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లు. రెండు కార్డులు లేచిన క్షణమే అది కూతపెట్టి వదిలేస్తుంది. దాన్ని మానిటర్‌కు, రౌటర్‌కు పెట్టుకోండి. 1000 వాట్లు నిజంగా మోసే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్‌కు పెట్టే డబ్బుంటే సరే, లేకపోతే కరెంటు పోయినా పని పోకుండా చూసుకోండి. రెండర్‌ను వీడియో ఫైలుగా కాకుండా ఫ్రేమ్‌కొక ఇమేజ్‌గా పెట్టండి. బ్లెండర్ అవుట్‌పుట్‌లో ఓవర్‌రైట్ టిక్ తీసేయండి, ప్లేస్‌హోల్డర్స్ టిక్ పెట్టండి. కరెంటు వచ్చాక, ఖాళీగా మిగిలిన చివరి ఫైలు ఒకటి చెరిపేసి మళ్లీ రెండర్ కొడితే అక్కడినుంచే సాగుతుంది.

ఎస్‌ఎంపీఎస్_వైద్యం

సిస్టమ్‌ను 16 ఆంపియర్ల సాకెట్‌కు మార్చండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఆ రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు ఉన్నట్టు కాదు.

కేబుళ్ల సంగతి వినండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. 8 పిన్ కనెక్టర్ ఒక్కోటి 150 వాట్లకు. మీ కార్డుకు ఎన్ని సాకెట్లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి అన్ని విడి కేబుళ్లు తేవాలి. ఒకే కేబుల్‌కు చివర తోకలా వేలాడే రెండో ప్లగ్‌ను 350 వాట్ల కార్డుకు వాడొద్దు. మూడు సాకెట్ల 3090లు రెండయితే ఆరు కేబుళ్లు. కొనే ముందు పెట్టె మీద ఆ లెక్క చూసుకోండి, వాట్లు చాలా ఉండి కేబుళ్లు చాలని యూనిట్లున్నాయి. సాటా (డిస్కులకు కరెంటిచ్చే ప్లగ్) నుంచి 8 పిన్‌కు మార్చే అడాప్టర్లు షాపుల్లో చవగ్గా వేలాడుతుంటాయి. సాటా ప్లగ్ మోసేది 54 వాట్లు. ఇక చెప్పేదేముంది.

పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి పెట్టొద్దు. కార్డు వైపు ప్లగ్ ఒకేలా ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. పెట్టి ఆన్ చేస్తే ఎస్‌ఎస్‌డీలు పోతాయి, వాటితో పాటు ప్రాజెక్టులూ.

వాట్లలెక్క

ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. రెండో 3090 తీసుకునే ముందు మెమరీ జంక్షన్ టెంపరేచర్ (మెమరీ చిప్పుల వేడి) కూడా చూడు బ్రో. ఆ కార్డుకు సగం మెమరీ చిప్పులు వెనక వైపు ఉంటాయి, వాటికి ఫ్యాన్ గాలి తగలదు. అరగంట రెండర్ పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రాంలో చూస్తే 100 డిగ్రీలు దాటుతోందంటే థర్మల్ ప్యాడ్లు (చిప్పుల వేడిని బయటికి లాగే మెత్తలు) మార్చాలి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక అమ్మకానికొచ్చిన కార్డులు ఇంకా చేతులు మారుతున్నాయి. క్యాబినెట్‌లో కింది కార్డు వేడి నేరుగా పై కార్డు పీల్చుకుంటుంది, కాబట్టి చల్లగా నడిచేదాన్ని పైన పెట్టు.

రెండర్‌శాల

ఆదివారం ఆయన ఇంట్లోనే కార్డు టెస్ట్ చేస్తానని అడిగాను, సరేనన్నారు. ఎస్‌ఎంపీఎస్ 1200, ఏటీఎక్స్ 3.1, ఆరు విడి 8 పిన్ కేబుళ్లున్నది, సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్సు) రెండు చోట్ల ధర అడిగి తీసుకుంటాను. స్టార్టప్‌లో క్లాక్ లాక్ టాస్క్ కూడా పెడుతున్నాను.

వాట్లలెక్క

ఎన్ని మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టావో, ఫ్రేమ్ టైమ్ ఎంత మారిందో ఇక్కడే రాయి. 1200 దండగో కాదో అప్పుడు తేలుద్దాం.