ఋణశేషం, అగ్నిశేషం సరే... మూడోది శత్రువా, వ్యాధా?

(ఒక గుంపులో మాటామంతీ. మాట్లాడేవాళ్ళకి వాళ్ళ ఊళ్ళే పేర్లు.)

తెనాలి: అప్పు తీర్చిన ప్రతిసారీ మా నాయనమ్మ ఒక శ్లోకం అనేది, అప్పూ నిప్పూ కొంచెం మిగిల్చినా మళ్ళీ పెరుగుతాయని. "ఋణశేషోఽగ్నిశేషశ్చ" వరకూ గుర్తుంది. తర్వాత "శత్రుశేషస్తథైవ చ" అనా, "వ్యాధిశేషస్తథైవ చ" అనా? నా చెవిలో వ్యాధే ఉంది. మా చెల్లెలికి కోవిడ్ తగ్గి చాలా కాలమైనా దద్దుర్లు, గుండెదడ, నీరసం వదల్లేదు. అప్పట్నుంచీ ఈ ముక్క బుర్రలో తిరుగుతోంది.

నెల్లూరు: శత్రువేనండీ. భారతం శాంతిపర్వంలో, ఆపదలో రాజు ఎలా నడుచుకోవాలో చెప్పే ఆపద్ధర్మాల దగ్గరిది. రాజనీతి చెప్పేచోట వ్యాధికి ఏం పని?

విజయనగరం: మాస్టారూ, అంత ఖాయంగా ఎలా అంటారు? ఛందస్సు ప్రకారం శత్రు, వ్యాధి రెండూ గురువు, లఘువే. గణం ఎక్కడా చెడదు. సుభాషితంగా విడిగా తిరిగినప్పుడు చాలామంది నోట వ్యాధే వినిపిస్తుంది.

వరంగల్: నేను డాక్టర్‌ని, నాకు "శేషం" దగ్గరే పేచీ. వైరస్ ముక్కలు ఒంట్లో మిగిలిపోయాయా, వైరస్ పోయాక కూడా ఒంటి కాపలా సద్దుమణగలేదా? రెండో ఊహలోనే మాస్ట్ కణాల మాట వస్తుంది. అవి ఒంటి కాపలా కణాలే, చర్మంలో, పేగుల్లో, శ్వాసనాళాల్లో ఉంటాయి. కదిలిస్తే హిస్టమిన్, ట్రిప్టేజ్ లాంటి రసాయనాలు గుమ్మరిస్తాయి. ఒళ్ళు ఎర్రబడడం, దురద, దడ, విరేచనాలు అన్నీ అక్కణ్ణుంచే రావచ్చు. లాంగ్ కోవిడ్, అంటే కోవిడ్ తగ్గాక కూడా వదలని బాధల లక్షణాలు వీటితో బాగా కలుస్తాయని 2020 నుంచీ కొందరు పరిశోధకులు అంటున్నారు. అయితే కలవడం వేరు, కారణం కావడం వేరు. అది ఇంకా తేలలేదు.

హ్యూస్టన్: మాస్ట్ కణాలన్న ఆ పేరు కూడా మన గుంపుకి పనికొచ్చేదే. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ లైప్జిగ్‌లో తన సిద్ధాంత గ్రంథంలో పెట్టాడు. జర్మన్‌లో "మాస్ట్" అంటే పశువుల్ని బాగా మేపి కొవ్వెక్కించడం. లోపలి రేణువుల్ని చూసి కణం బాగా తిన్నదనుకున్నాడు. నన్నడిగితే తెలుగులో "మేపుడు కణాలు" అనాలి.

విజయనగరం: మేపుడు వద్దు, "బలిసిన కణాలు" నయం.

నెల్లూరు: శ్లోకం వదిలేసి పశువుల కొట్టంలోకి వెళ్ళాం. వెంటనే వచ్చే శ్లోకం చూడండి: "వ్యాధయశ్చాప్యుపేక్షితాః" అని ముగుస్తుంది. వ్యాధి అక్కడుంది! నాయనమ్మగారు రెండు శ్లోకాలూ కలిపి ఒకటి చేసుకున్నారు. పైగా వ్యాధికి "శేషం" అనలేదు, "ఉపేక్షించిన" అన్నాడు. తిక్కనగారు దీన్ని ఎలా తెనిగించారో ఎవరైనా తీసి పెట్టండి. సంస్కృతం సాగదీసిన చోట ఆయన ఒక్క క్రియతో కథ ముగిస్తారు. శాంతిపర్వం అనగానే జనం భయపడి పక్కన పెడతారు గానీ, ఆ పద్యాల నిబ్బరం నాకు విరాటపర్వం కంటే ఇష్టం.

గుంటూరు: విరాటపర్వం కంటేనా! కీచకుడి ఘట్టం చదివి కూడా ఆ మాట అంటున్నారా?

తెనాలి: "ఉపేక్షితాః" అన్న మాట గుండెకి తగిలింది మాస్టారూ. రిపోర్టులన్నీ నార్మల్, ఇదంతా టెన్షన్, పెళ్ళయితే సర్దుకుంటుందని ఒక ఆసుపత్రిలో పంపేశారు. చెల్లెలు ఇడ్లీ పిండి పులిస్తే చాలు, తినను అంటోంది. తింటే మెడ ఎర్రగా కందిపోతుంది.

వరంగల్: అమ్మా, నార్మల్ అన్నంత మాత్రాన ఏమీ లేదని కాదు. ఒళ్ళు తిరగబడిన ఒకటి నుంచి నాలుగు గంటల్లోపు రక్తం తీసి ట్రిప్టేజ్ చూడాలి. మామూలు రోజు విలువ మీద 20 శాతం, దానిపైన మిల్లీలీటరుకి ఇంకో 2 నానోగ్రాములు పెరిగితే మాస్ట్ కణాలు కదిలినట్టు లెక్క. అన్నీ బాగున్న రోజు తీస్తే ఏం కనిపిస్తుంది? ఆ ఎరుపు ఫోటో తీసి, తేదీ, ఏం తిన్నదీ రాసి అలర్జీ డాక్టర్‌కి చూపించండి. సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు కొందరికి ఉపశమనం ఇస్తాయి, సొంతంగా మాత్రం పెంచుకోవద్దు.

కడప: 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మా ఊళ్ళో జ్వరం వారంలో పోయింది, కీళ్ళు నెలల తరబడి పట్టేశాయి. ఆయుర్వేదంలో "పునరావర్తక జ్వరం" ఉంది కదా, అది చూడకుండా శేషం గురించి ఎలా మాట్లాడతాం?

వరంగల్: అది తిరగబెట్టే జ్వరమండీ. ఇక్కడ జ్వరమే లేదు.

విజయనగరం: అయినా మాస్టారూ, రెండో శ్లోకంలో వ్యాధి ఉంటే మొదటిదాంట్లో ఉండకూడదని ఏముంది? నాయనమ్మగారి పాఠమే నాది.

నెల్లూరు: ఏ ప్రతిలో ఉందో చూపించండి, ఒప్పుకుంటాను.