పదిహేడు కమిట్ల పుల్ రిక్వెస్టును శుభ్రం చేయడం ఎలా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) నేను పంపిన పుల్ రిక్వెస్టు (నా మార్పును చేర్చుకోమనే వినతి) నలభై వరుసలే అయినా, అందులో పదిహేడు కమిట్లు (సందేశంతో భద్రపరచిన మార్పులు) ఉన్నాయి. ఆరింటికి «మళ్లీ సరిచేశాను» అన్నదే సందేశం. మధ్యలో మూడుసార్లు మెయిన్‌ను, అంటే ప్రాజెక్టు ప్రధాన బ్రాంచిని (శాఖను), నా బ్రాంచిలోకి మెర్జ్ కూడా చేశాను (కలిపాను). కమిట్ల చరిత్రను శుభ్రం చేసి పంపమని ప్రాజెక్టువారు అన్నారు. చేసిన పని పోకుండా ఎలా చేయాలి?

మొదటి జవాబు:
ముందు ఆ బ్రాంచికి మరో పేరుతో నకలు పెట్టుకోండి. తరువాత అప్‌స్ట్రీమ్‌ను (అసలు ప్రాజెక్టును) ఫెచ్ చేసి, అంటే దాని తాజా కమిట్లను తెచ్చుకుని, దాని మెయిన్ మీదకు ఇంటరాక్టివ్ రీబేస్ (కమిట్లను జాబితాలో చూసి మార్చుకుంటూ తిరిగి పేర్చడం) మొదలుపెడితే మెర్జ్ కమిట్లు వాటంతటవే తొలగిపోతాయి. ఎడిటర్‌లో తెరుచుకునే జాబితాలో, సవరణ కమిట్లను అవి సరిదిద్దిన కమిట్ కిందికి జరిపి, 'పిక్' (ఉన్నదున్నట్టు ఉంచు) స్థానంలో 'ఫిక్సప్' అని రాస్తే, మార్పులు పై కమిట్‌లో కలుస్తాయి, ఆ సందేశాలు పోతాయి. పుష్‌కు (బ్రాంచిని సర్వర్‌కు పంపడానికి) ఫోర్స్ (అక్కడున్నదాన్ని చూడకుండా చెరిపి రాసేది) బదులు ఫోర్స్-విత్-లీజ్ వాడండి. మీరు చూడని కమిట్ ఎవరైనా అక్కడ చేర్చి ఉంటే దాన్ని తుడిచిపెట్టకుండా పుష్ ఆగిపోతుంది. అయితే మధ్యలో ఫెచ్ చేస్తే ఆ రక్షణ సడలుతుంది.

రెండవ జవాబు (చెన్నై):
అలాగని అన్నింటినీ ఒకే ముద్దగా కలపకండి. పేరు మార్పు ఒక కమిట్, లోపం సవరణ మరొకటి; ప్రతిదీ విడిగా బిల్డ్ అయితేనే (ప్రోగ్రాముగా తయారైతేనే) బైసెక్ట్‌తో (చరిత్రను సగానికి సగం తగ్గిస్తూ, తప్పు తెచ్చిన కమిట్‌ను పట్టే ఆదేశం) తప్పు వెతికేవారికి ఉపయోగం. లైనక్స్ కెర్నల్ వారు కోరేదీ ఇదే.

మూడవ జవాబు:
నకలు మరిచినా కంగారు వద్దు. రిఫ్లాగ్‌లో (బ్రాంచి ఇదివరకు ఏ కమిట్ల మీద ఉందో గిట్ రాసుకునే పట్టిక) పాత కమిట్లు మామూలుగా 30 రోజులైనా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
మూడు కమిట్లు మిగిలాయి. కాన్‌ఫ్లిక్ట్ (గిట్ తనంతట తాను కలపలేని మార్పుల ఘర్షణ) ఒక్కచోటే, అదీ నేనే రెండుసార్లు మార్చిన వరుసలో వచ్చింది.