రొయ్యల ల్యాబ్ మైక్రోస్కోపుతో పికోన్యూటన్ల పని నేర్చుకోవచ్చా?

ప్రశ్న (భీమవరం ల్యాబ్ అమ్మాయి):
భీమవరం దగ్గర రొయ్యల రైతుల శాంపిళ్లు చూసే ల్యాబ్‌లో నాలుగేళ్లుగా పని చేస్తున్నానండి. ఎమ్మెస్సీ జువాలజీ. తడి స్లైడులో విబ్రియో బాక్టీరియాలు ఈదుతుంటే రోజూ ఒకటే అనిపిస్తుంది, ఇంత చిన్న ప్రాణి ఎంత బలంతో నీటిని తోస్తోందని. ఆ దారిలోనే ఆప్టికల్ ట్వీజర్స్ గురించి చదివాను. లేజర్‌ను గట్టిగా ఫోకస్ చేస్తే ఆ చుక్క దగ్గర చిన్న పూస చిక్కుకుంటుందని, ఈ పనికి భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్‌కి 96 ఏళ్ల వయసులో, 2018లో నోబెల్ వచ్చిందని తెలిసింది. పూసను పట్టుకోవడం వరకూ అర్థమైంది. దాని మీద ఇన్ని పికోన్యూటన్ల (న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు) బలం పడిందని ఎలా చెబుతారు? పట్టుబడి రోజు చెరువు గట్టున కాటా పెడితే ముందు రాయి వేసి సరిచూస్తారు కదా. ఇక్కడ ఆ రాయి ఏది?

పీహెచ్‌డీకి ప్రయత్నించాలని ఉంది. మా దగ్గర ఉన్నది 100ఎక్స్ ఆయిల్ లెన్స్, కెమెరా, అంతే.

జవాబు 1 (రాజోలు నుంచి బెంగళూరు):
చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. నాకు ఆ రాయి ఏదో తెలియడానికే ఏడాది పట్టింది. నీటి వేడే ఆ రాయి. నీటి అణువులు పూసను అన్ని వైపుల నుంచీ తడుతూనే ఉంటాయి, ఆ శక్తి గది వేడిలో సుమారు 4.1 పికోన్యూటన్-నానోమీటర్లు. పూసను పట్టి ఉంచే ఆ లేజర్ చుక్క, అంటే ట్రాప్, ఒక స్ప్రింగు లాంటిది. అది ఎంత గట్టిదైతే పూస అంత తక్కువ ఊగుతుంది. ఊగుడు ఆర్ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) 10 నానోమీటర్లు వచ్చిందనుకోండి. 4.1ని 10 వర్గంతో భాగిస్తే 0.041, అంటే ఒక్కో నానోమీటరుకు 0.041 పికోన్యూటన్, అదే స్ప్రింగు గట్టితనం. ఇప్పుడు కణంలో సరుకులు మోసే కైనెసిన్ ప్రోటీన్ ఆ పూసను 150 నానోమీటర్లు లాగి ఆగిపోతే, 150ని 0.041తో గుణిస్తే దాని బలం 6 పికోన్యూటన్ల దగ్గర. నిజంగా కైనెసిన్ ఆగేదీ ఆ దరిదాపుల్లోనే.

రెండో రాయి నీటి ఒరిపిడి. తెలిసిన వేగంతో నీరు పారించి పూస ఎంత జరిగిందో చూస్తే స్ప్రింగు గట్టితనం మళ్లీ తెలుస్తుంది. ఒక మైక్రాన్ వ్యాసమున్న పూస చుట్టూ నీరు సెకనుకు 100 మైక్రాన్ల వేగంతో పోతే 25 డిగ్రీల దగ్గర దాని మీద పడే బలం 0.84 పికోన్యూటన్. మన ఎండలకి గది 35కి పోతే నీరు పలచబడి 0.68కి దిగిపోతుంది. అందుకే థర్మామీటర్ లేని కొలతను నేను నమ్మను. రెండు రాళ్లూ ఒకే లెక్క చెప్పేవరకూ శాంపిల్ జోలికి వెళ్లకండి. కెమెరా ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఊగుడు చెరిగిపోయి స్ప్రింగు ఉన్నదానికన్నా గట్టిగా కనబడుతుంది, అదీ చూసుకోండి.

జవాబు 2 (అమలాపురం, డిగ్రీ లెక్చరర్):
నీటి అణువుల తాకిడికి వచ్చే ఆ వణుకును కొలవడం లేజర్ లేకుండానే మొదలుపెట్టొచ్చు. హోమోజినైజ్ చేసిన (కొవ్వు బిందువులను చిన్నవిగా విడగొట్టిన) ప్యాకెట్ పాలు ఒక చుక్క, నీళ్లు బాగా కలిపి చూడండి. కొవ్వు బిందువుల వణుకు వీడియో తీసి, ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌మేట్ అనే ప్లగిన్‌తో వాటి దారి గీయించండి. ఇంట్లో గేదె పాలు వద్దు, బిందువులు పెద్దవి, బద్ధకంగా కదులుతాయి. స్టేజ్ మైక్రోమీటర్‌తో (సన్నటి కొలత గీతలున్న స్లైడు) ఒక మైక్రాన్‌కి ఎన్ని పిక్సెళ్లో ముందు లెక్క కట్టండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో లేజర్ కొని ఐపీస్‌లో కన్ను పెట్టకండి. బాక్టీరియా చనిపోకుండా ఉండాలని 1987లో ఆష్కిన్ ఇన్‌ఫ్రారెడ్‌కి మారారు. ఆ కాంతి మనకు కనబడదు, కన్ను పోయేదాకా తెలియదు.

భీమవరం ల్యాబ్ అమ్మాయి:
పాలతో చేశానండి. మొదటి వీడియోలో బిందువులన్నీ వణుకుతూనే కుడివైపుకి కొట్టుకుపోయాయి. కవర్‌స్లిప్ అంచులకి నెయిల్ పాలిష్ వేశాక ఆగింది. పది మైక్రాన్లకి 148 పిక్సెళ్లు వచ్చాయి. మధ్యలో కరెంటు పోయి ఏసీ ఆగింది, గది 26 నుంచి 33కి వెళ్లింది. ఏ ఉష్ణోగ్రత వేసుకోవాలి?

జవాబు 1:
ఏదీ వద్దు, ఆ వీడియో పక్కన పెట్టేయండి. ఆయిల్ లెన్స్ ద్వారా కూడా స్లైడుకి వేడి వస్తూ పోతూ ఉంటుంది, గాలి ఉష్ణోగ్రత స్లైడుది కాదు. ఏసీ వేసి గంట ఆగి, లెన్స్ పక్కనే థర్మామీటర్ ఉంచి మళ్లీ తీయండి. ఆ వీడియో నాకు పంపండి, లెక్క కట్టే కంప్యూటర్ స్క్రిప్టు కలిసి రాద్దాం.