‘ఉప్పందించాడు’ సరే, ఎవరికి?

అనువాదకురాలు, విజయవాడ:
ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. పాకిస్తాన్ డాక్టరు షకీల్ అఫ్రిదీ గురించిన వ్యాసమది. అబొట్టాబాద్‌లో హెపటైటిస్-బి టీకాలంటూ ఇంటింటికీ మనుషుల్ని పంపి, బిన్ లాడెన్ కుటుంబం రక్తం నమూనా దొరుకుతుందేమోనని అమెరికా గూఢచారి సంస్థ సిఐఏ తరఫున ప్రయత్నించిన మనిషి. 2011 మే 2న బిన్ లాడెన్ ఇంటి మీద అమెరికా దాడి, మూడు వారాలకి ఈయన అరెస్టు. ‘ఇన్‌ఫార్మర్’ అని రాస్తే, మన పేపర్లు చదివినవాళ్ళకి వెంటనే ‘నెపంతో హత్య’ అన్న ముక్క గుర్తొస్తుంది. ‘ద్రోహి’ అంటే తీర్పు నేనే చెప్పినట్టు. ‘వేగు’ అందామా?

తెలుగు మాస్టారు (రిటైర్డ్), తెనాలి:
వేగు కుదరదమ్మా. వేగంటే రాజు జీతమిచ్చి పరాయి ఊరికి పంపినవాడు. ఈయన్ని ఎవరూ ఎక్కడికీ పంపలేదు, సొంత దేశంలో ఉంటూనే పరాయివాళ్ళకి పని చేశాడు. ‘ఉప్పందించాడు’ అను.

సభ్యుడు, అనంతపురం:
మాస్టారూ, ఆ మాట రెండు వైపులా కోస్తుంది. మా వీధిలో పేకాట జరుగుతోందని ‘పోలీసులకి ఎవడో ఉప్పందించాడు’ అంటాం. జీపు వచ్చేసరికి చాప మీద ఒక్కడూ లేకపోతే ‘పేకాటోళ్ళకి ఎవడో ఉప్పందించాడు’ అనీ అంటాం. మొదటివాడు మంచోడా, రెండోవాడు మంచోడా అన్నది మాటలో లేదు. అంతా ఆ ‘కి’లో ఉంది.

మాస్టారు:
భేష్. అదే మీ డాక్టరు కేసులో అసలు కిటుకు. 2012 మేలో 33 ఏళ్ళ శిక్ష వేశారు కదా, కాగితం మీద సిఐఏ ఊసే లేదు. లష్కర్-ఎ-ఇస్లాం అనే సాయుధ ముఠాకి డబ్బు, వైద్యం అందించాడని రాశారు. షష్ఠీ విభక్తి అలాగే ఉంచి, దాని ముందున్న నామవాచకాన్ని మార్చేశారు! ఆ తీర్పు రాసింది జడ్జి కూడా కాదు, గిరిజన ప్రాంతపు అధికారి. 1901 నాటి బ్రిటిష్ వాళ్ళ సరిహద్దు నేరాల చట్టం అది, వకీలును పెట్టుకునే హక్కే ఉండేది కాదు. 2014లో శిక్ష 23 ఏళ్ళకి తగ్గించారు. 2018లో ఆ చట్టమే పోయింది, ఆయన మాత్రం బయటికి రాలేదు.

సభ్యుడు, హైదరాబాద్ పాతబస్తీ:
ఉర్దూలో ముఖ్బిర్ అంటారు అక్కా. ఖబర్‌లోంచి వచ్చిన మాట, ఖబర్ ఇచ్చేవాడని. అందులో తిట్టు లేదు. తిట్టాలంటే గద్దార్, నమక్‌హరామ్. చూడండి, అక్కడా ఉప్పే.

మాస్టారు:
నాయనా, ఉప్పు కనిపించిన చోటల్లా చుట్టరికం కలపకు. అక్కడ తిన్న ఉప్పు, ఇక్కడ అందించిన ఉప్పు.

అనువాదకురాలు:
మరి విభీషణుడు? ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటాం. రాముణ్ణి కొలిచేవాళ్ళం, సామెత మాత్రం లంక పక్షాన చెప్పుకుంటాం. ఎప్పుడూ వింతగానే ఉంటుంది నాకు.

సభ్యుడు, అనంతపురం:
రాముడు వారధి కట్టకముందే, సముద్రం ఒడ్డునే అతనికి లంకా పట్టాభిషేకం చేసేశాడు. ఇక్కడేమో, డాక్టరు ఇంకా పాకిస్తాన్ చెరలో ఉండగానే, 2012 జనవరిలో పనెట్టా టీవీలో కూర్చుని ‘అవును, మాకు సాయం చేశాడు’ అని ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన అమెరికా రక్షణ మంత్రి! శిక్ష పడ్డాక సెనేట్ కమిటీ పాకిస్తాన్ సాయంలో ఏడాదికో మిలియన్ లెక్కన 33 మిలియన్ డాలర్లు కోసింది. లెక్క బాగానే కుదిరింది, మనిషే లోపల ఉన్నాడు. ఆయన తరఫున వాదించిన ఒక వకీల్ని 2015లో పెషావర్‌లో కాల్చి చంపారు.

ఆరోగ్య కార్యకర్త, వరంగల్:
అందరూ ఆయన మీద జాలి పడుతున్నారు కాబట్టి ఒక మాట. నేను పల్స్ పోలియోకి ఇల్లిల్లూ తిరిగేదాన్ని. తలుపు తీసిన తల్లి నా మొహం చూడదు, చేతిలోని డబ్బా చూస్తుంది. ఆ డబ్బా మీద నమ్మకమే మా జీతం. ఆయన టీకా పేరు వాడాక పాకిస్తాన్‌లో ఆ తలుపులు మూసుకున్నాయి. 2012 డిసెంబరులో పోలియో చుక్కలేసే ఆడవాళ్ళని రోజుల తేడాతో కాల్చి చంపారు. టీకాల కార్యక్రమాలను గూఢచర్యానికి ఇక వాడుకోబోమని 2014లో గానీ వైట్‌హౌస్ బయటికి చెప్పలేదు. ఏ మాట వాడినా ‘టీకా పేరుతో’ అన్న ముక్క వదలకండి.

మాస్టారు:
ఒప్పుకుంటానమ్మా. పాత మాట ఒకటి గుర్తొచ్చింది, ‘ఉభయవేతనుడు’. కౌటిల్యుడిది. శత్రువు దగ్గర జీతానికి చేరి మనకి పనిచేసేవాడు. వాడి పెళ్ళాం బిడ్డల్ని మాత్రం రాజు తన దగ్గర ఉంచుకోవాలన్నాడు. నమ్మకం ఆ కాలంలోనూ అంతే! మీ డాక్టరు ఖైబర్ గిరిజన ప్రాంతంలో ప్రభుత్వోద్యోగే, కాబట్టి ఒక జీతం ఖాయం. రెండోది ఆరోపణ. అందుకే ఈ మాట పెట్టమనను.

అనువాదకురాలు:
ఇలా రాశాను: ‘టీకా పేరుతో సిఐఏకి ఉప్పందించబోయిన డాక్టరు’. ‘బోయిన’ ఎందుకంటే, రక్తం నమూనా కోసం చేసింది ప్రయత్నమే. ఎడిటర్ గారు హెడ్డింగ్‌కి పొడుగైందంటున్నారు, మూడు మాటల్లో కావాలట.

సభ్యుడు, అనంతపురం:
‘డాక్టరు’ తీసేయండక్కా, కింద ఫొటో ఉంటుందిగా. ‘సిఐఏకి’లో ‘కి’ మాత్రం ముట్టుకోనివ్వకండి.

ఆరోగ్య కార్యకర్త, వరంగల్:
టీకా కూడా.