టిప్పు నా ఫోన్‌లో పడితే పన్ను కట్టాలా? ఓనరు ఖాతాలో పడితే అది ఎవరిది?

బీచ్‌రోడ్డు కెప్టెన్ అడిగిన ప్రశ్న:

విశాఖ బీచ్ రోడ్డులో ఒక రెస్టారెంటులో కెప్టెన్‌గా పనిచేస్తున్నాను. మాది సోంపేట దగ్గర పల్లె. బల్లలు తుడవడంతో మొదలై, సర్వరునై, ఇప్పుడు ఆర్డర్లు తీసుకునే పనికి వచ్చాను. ఎవరైనా వంజరం చేప అడిగితే వంటగదిలోకి వెళ్లి, ఆ రోజు సరుకు చూసి వచ్చి చెబుతాను. బాగా లేకపోతే "ఈ పూట వద్దండీ, రొయ్యల వేపుడు తీసుకోండి" అంటాను. మా మేనేజరుకు ఇది నచ్చదు. నాకు వచ్చే టిప్పుల్లో సగం ఈ మాటకే వస్తాయని నా నమ్మకం.

జీతం 17,000. టిప్పులు సీజనును బట్టి ఉంటాయి. దసరా సెలవుల్లో బెంగాలీ కుటుంబాలు దిగినప్పుడు, డిసెంబరు ఆఖరి వారంలో బాగా వస్తాయి. వానాకాలంలో, పరీక్షల రోజుల్లో అంతంత మాత్రమే. సగటున నెలకు తొమ్మిది వేలు అనుకోండి. ఇదివరకు బిల్లు పుస్తకంలో సోంపు పక్కన యాభయ్యో వందో పెట్టి వెళ్లేవారు. ఇప్పుడు ఎవరి జేబులోనూ నోట్లు ఉండటం లేదు. "నీ నంబరు చెప్పు బాబూ" అని ఫోన్‌లో వేస్తున్నారు.

ఇక్కడే రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, మా గదిలో ఉండే కుర్రాడు భయపెడుతున్నాడు. బెంగళూరులో ఫోన్‌లో డబ్బు తీసుకున్న టీ కొట్ల వాళ్లకు కూడా పన్ను నోటీసులు వచ్చాయట, నీకూ తప్పదు అంటున్నాడు. రెండోది, మా ఓనరు గారు వచ్చే నెల నుంచి ఎవరూ సొంత నంబరు ఇవ్వకూడదన్నారు. కౌంటరు దగ్గర ఒక క్యూఆర్ కోడ్ పెడతారట. టిప్పులన్నీ హోటలు ఖాతాలో పడతాయి, నెలాఖరుకు జీతంతో కలిపి పంచుతారట. "పన్ను గొడవ మీకెందుకు, అది నేను చూసుకుంటాను" అన్నారు. ఎలా పంచుతారని అడిగాను. "న్యాయంగా" అన్నారు. అందులో అంకె ఏదీ వినపడలేదు.

పనిలో చేరినప్పుడు జీతం తక్కువని నేను నసిగితే "పైన టిప్పులు ఉంటాయి కదయ్యా" అన్నది కూడా వీరే. అప్పుడు నావైన టిప్పులు ఇప్పుడు ఆయన ఖాతాకు ఎలా వెళ్తాయో తెలిసినవాళ్లు చెప్పండి.

ద్వారకానగర్ లెక్కలాయన:

కెప్టెన్ గారూ, ముందు మీ గది మిత్రుడి భయం తీర్చేస్తాను. 2025 జూలైలో నోటీసులు ఇచ్చింది కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ. అది జీఎస్టీ వ్యవహారం. ఏడాదికి సరుకు అమ్మకం 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటినా రిజిస్ట్రేషను తీసుకోలేదని యూపీఐ లెక్కలు చూసి వ్యాపారులను అడిగారు. ఉద్యోగం చేసుకుంటూ నెలకు తొమ్మిది వేల టిప్పు అందుకునే మీకు, దానికి సంబంధం లేదు.

ఇక ఆదాయపు పన్ను. టిప్పు ఆదాయమే, అందులో సందేహం లేదు. అయితే ఏ పద్దు కింద అన్నదే అసలు కథ. పెద్ద హోటళ్లలో అతిథులు కార్డు మీద టిప్పు వేస్తే, హోటలు ఆ డబ్బు తీసుకుని సిబ్బందికి పంచేది. అది జీతంతో సమానం, యజమాని డబ్బు ఇచ్చే ముందే పన్ను (టీడీఎస్) కోయాల్సిందే అని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. ఢిల్లీ హైకోర్టు శాఖ వైపే తీర్పిచ్చింది. ఐటీసీ హోటళ్ల కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది. టిప్పు ఇచ్చేది అతిథి, యజమాని కాదు. హోటలు దాన్ని సిబ్బంది తరఫున పట్టుకుని అందజేస్తుందంతే. కాబట్టి అది జీతం కాదు, టీడీఎస్ అక్కర్లేదు, ఉద్యోగి చేతిలో 'ఇతర ఆదాయం' కింద లెక్కకు వస్తుంది అని తేల్చింది.

మీ లెక్క చూద్దాం. జీతం ఏడాదికి 2,04,000. టిప్పులు 1,08,000. మొత్తం 3,12,000. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు. ఆపైన కూడా 12 లక్షల ఆదాయం వరకు రిబేటు, అంటే పన్ను మాఫీ ఉంది. మీరు కట్టాల్సింది సున్నా. అసలు రిటర్ను వేయాల్సిన అవసరమూ లేదు. అయినా వేయమంటాను. టిప్పులను ఇతర ఆదాయంలో చూపించి రెండు మూడేళ్లు వరసగా వేస్తే, రేపు బండికో ఇంటికో అప్పు అడిగినప్పుడు 17,000 జీతగాడిగా కాకుండా 26,000 సంపాదించేవాడిగా బ్యాంకు ముందు కూర్చోవచ్చు.

ఓనరు గారి 'నేను చూసుకుంటాను' అన్న మాటకు వస్తే, ఆయన చూసుకోవడానికి అక్కడ పన్ను ఏదీ లేదు.

ఉక్కునగరం పెద్దాయన:

నాకు ఈ టిప్పు అనే ఆచారమే గిట్టదు. స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ల పైన కొలిమి దగ్గర నిలబడ్డాను. ఒక్క టన్ను ఎక్కువ తీశానని ఎవరూ నా చేతిలో వంద పెట్టలేదు. చేసిన పనికి జీతం ఇవ్వాల్సింది యజమాని, అతని బరువు నేను ఎందుకు మోయాలి? పైగా కొన్ని చోట్ల అడగకుండానే బిల్లులో సర్వీసు చార్జీ వేస్తున్నారు. మొన్న ఒకచోట తిండికి 1,600 అయింది. దాని మీద పది శాతం సర్వీసు చార్జీ, ఈ రెండూ కలిపిన 1,760 మీద అయిదు శాతం జీఎస్టీ. మొత్తం 1,848. అంటే నేను ఇవ్వని టిప్పు మీద నేనే పన్ను కట్టాను. తీసేయమంటే కౌంటరులోని అబ్బాయి నన్ను పిసినారిని చూసినట్టు చూశాడు. అయినా తీయించాను. 1,680 కట్టి వచ్చాను.

ఇంకో సంగతి. బయటివాళ్లు ఇచ్చే కానుక ఏడాదికి 50,000 లోపు ఉంటే పన్ను లేదు కదా, టిప్పు కూడా కానుకే కదా?

ద్వారకానగర్ లెక్కలాయన:

పెద్దాయన గారూ, తీయించడం మీ హక్కే. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సర్వీసు చార్జీని బిల్లులో తనంతట తానుగా కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్తే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు మార్గదర్శకాలనే సమర్థించి, ఒక్కో సంఘానికి లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. మళ్లీ ఎవరైనా మొండికేస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయండి.

కానుక వాదన మాత్రం నిలవదు. చేసిన సేవకు మెచ్చి ఇచ్చినదాన్ని మేనల్లుడికి పుట్టినరోజున ఇచ్చినదానితో కట్టలేం. సుప్రీంకోర్టు ఇతర ఆదాయం అని చెప్పాక ఆ దారి మూసుకుపోయినట్టే.

డల్లాస్‌లో గాజువాక:

ఇక్కడి సంగతి విన్నాక మన ఊరే నయమంటారు. అమెరికాలో టిప్పు పుచ్చుకునే పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు కూలి గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదలలేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ పెట్టుకున్నాయి, మా టెక్సాస్ పెట్టుకోలేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు. మధ్యలో ఉన్న తేడాను టిప్పులు పూడ్చాలి. పూడ్చలేకపోతేనే యజమాని వేయాలి. అంటే మొదటి అయిదు డాలర్ల టిప్పు సర్వరుకు మేలు చేసినట్టు కనపడుతుంది గానీ, మిగిలేది యజమానికి. కాఫీ కొన్నా తెర మీద 18, 20, 22 శాతం అని అడుగుతుంది. ఆ తెరను మన వైపు తిప్పి పెట్టి అమ్మాయి ఎటో చూస్తుంది. నేను 20 నొక్కుతాను. అలవాటైపోయింది, ఇష్టమై కాదు.

2024 ఎన్నికల్లో ట్రంప్ లాస్ వేగాస్‌లో టిప్పు మీద పన్ను తీసేస్తానన్నారు. 2025 జూలైలో చట్టం వచ్చింది. పేరు పన్ను లేదని, లోపల చూస్తే ఏడాదికి 25,000 డాలర్ల వరకు టిప్పుల మీద మినహాయింపు, అదీ 2025 నుంచి 2028 దాకా. పింఛను కోసం కోసే సోషల్ సెక్యూరిటీ, వృద్ధుల వైద్యం కోసం కోసే మెడికేర్ మామూలే. అసలు ఆదాయపు పన్ను పడనంత తక్కువ సంపాదించేవాడికి ఇందులో దక్కేది ఏమీ లేదు. నా ప్రశ్న వేరు. అదే హోటలులో గిన్నెలు తోమే మనిషి అంతే సంపాదిస్తే, అది జీతం కాబట్టి పూర్తి పన్ను కట్టాలి. బల్ల దగ్గర నిలబడినవాడికి మినహాయింపు. ఇది ఏ న్యాయం?

ఒక్కటి మాత్రం ఇక్కడ మెచ్చుకోవాలి. 2018 నుంచి యజమానిగానీ మేనేజరుగానీ సిబ్బంది టిప్పుల్లో వాటా తీసుకోకూడదని కేంద్ర చట్టమే ఉంది.

ఎంవీపీ మెస్సు:

ఓనర్లందరూ దొంగలన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి ఒక ఓనరుగా రాస్తున్నాను. మాది చిన్న మెస్సు. మా దగ్గర నవ్వుతూ వడ్డించే కుర్రాడికి టిప్పు వస్తుంది. పొద్దున అయిదింటికి వచ్చి చేపలు శుభ్రం చేసే ఆమెకు రాదు. మాస్టరుకు రాదు, అతని పులుసు కోసమే జనం వస్తారు. అందుకే డబ్బా పెట్టాను. రాత్రి మూసేటప్పుడు అందరి ముందూ లెక్కపెట్టి, వడ్డించేవాళ్లకు సగం, లోపలివాళ్లకు సగం. నాకు పైసా లేదు. కెప్టెన్ గారూ, వంజరం బాగుందో లేదో మీరు చూసి చెబుతారు సరే, దాన్ని మాడకుండా వేయించేది ఎవరు? ఒకచోట చేర్చడం తప్పు కాదు. నెలాఖరు దాకా ఆపడం, లెక్క చూపకపోవడం తప్పు.

ద్వారకానగర్ లెక్కలాయన:

మెస్సు వారి పద్ధతి బాగుంది. కెప్టెన్ గారూ, మీది ఖాతాలో పడేది కాబట్టి కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. మీ ఓనరు గారు టిప్పులను అమ్మకాల్లో కలపకుండా పుస్తకాల్లో వేరే పద్దు తెరిచి, వచ్చినంతా పంచి, సంతకాలు తీసుకుంటే ఆయనకూ చిక్కు లేదు. అందులో కొంత ఉంచుకున్నారా, ఆ ఉంచుకున్నది ఆయన ఆదాయం అవుతుంది, జీఎస్టీ వాళ్లు అది హోటలు సేవల విలువే కదా అని అడగడానికీ తావిస్తుంది. ఈ మాట ఆయనకు ఆయన ఆడిటరు చేతనే చెప్పించండి.

ఇంకొకటి, ఎవరూ అడగలేదు గానీ పన్ను కంటే మీకు ఇది ముఖ్యం. టిప్పు జీతం కాదన్న సూత్రానికి రెండో అంచు ఉంది. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా విషయంలోనూ టిప్పు వేతనం కాదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ 17,000 ఈఎస్ఐ పరిమితి 21,000 లోపే కాబట్టి మీరు అందులో ఉండాలి. జబ్బు చేసి మంచం పడితే సగటు వేతనంలో 70 శాతం ఇస్తారు. ఆ వేతనం 17,000 కిందే లెక్క. తొమ్మిది వేలకు అక్కడ చోటు లేదు. టిప్పు మీద పన్ను వేయాలా వద్దా అన్న వాదన కంటే, ఆ తొమ్మిది వేలల్లో ఒక నాలుగైదు వేలయినా జీతంలోకి ఎక్కించుకోవడం గురించి ఆలోచించండి.

బీచ్‌రోడ్డు కెప్టెన్:

అందరికీ ధన్యవాదాలు. మెస్సు వారి మాట గుచ్చుకుంది, కానీ నిజమే. మా మాస్టరుది ఒడిశా, సెలవు రోజున ఊరికి వెళ్లడానికి రైలు టికెట్టు కోసం నా దగ్గరే అప్పు తీసుకుంటాడు. లోపలివాళ్లకు వాటా ఇవ్వడానికి మా సర్వర్లలో ఇద్దరు తప్ప అందరూ ఒప్పుకున్నారు.

ఓనరు గారితో మాట్లాడాను. వేరే క్యూఆర్, వేరే ఖాతా సరేనన్నారు. వారం వారం పంచడానికీ ఒప్పుకున్నారు. రిజిస్టరు నా దగ్గర ఉండాలన్నాను, మేనేజరు దగ్గర ఉంటుందన్నారు. జీతం మాట ఎత్తితే "సీజను అయ్యాక చూద్దాం" అన్నారు. చివరికి ఒక మెలిక పెట్టారు: పగిలిన గ్లాసులకూ ప్లేట్లకూ మొత్తం టిప్పుల్లో పది శాతం పట్టుకుంటారట. దీనికి ఏమని బదులు చెప్పమంటారు?

ద్వారకానగర్ లెక్కలాయన:

వద్దని చెప్పండి. పాడైన వస్తువుకు జీతంలో కోత వేయాలన్నా, అది ఫలానా మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, అతని వివరణ అడగాలి, నష్టాన్ని మించి కోయకూడదు. వేతనాల చట్టం చెప్పేది ఇదే. జీతానికే ఇన్ని షరతులు ఉంటే, ఆయనది కాని డబ్బులోంచి ముందుగానే పది శాతం పక్కన పెట్టడం ఎక్కడిది? రిజిస్టరు మేనేజరు దగ్గరే ఉండనివ్వండి. పంచిన రోజున దాని ఫోటో తీసుకునే వీలు అందరికీ ఉండాలని మాత్రం పట్టుబట్టండి.