‘నరం’ అంటే ఏ నరం?

బెంగళూరులో ఫిజియోథెరపీ చేస్తున్నాను. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చేవారితో రోజంతా తెలుగే. మొన్న ఒక పెద్దాయన మడమ వెనక బిగిసిన తాడులాంటి దాన్ని బొటనవేలితో నొక్కి, “ఈ నరం లాగుతోందమ్మా, పక్షవాతమా?” అని అడిగారు. నాడికీ నరమే, రక్తనాళానికీ నరమే, పిక్క కండను మడమ ఎముకకు కట్టే టెండాన్‌కూ నరమే. ఆయన భయమంతా ఆ మాట తెచ్చిపెట్టినదే.

పుస్తకాల్లో టెండాన్‌ను స్నాయువు అంటారు. ప్రాచీన వైద్యగ్రంథం సుశ్రుత సంహిత లెక్కలో ఒంట్లో స్నాయువులు 900, కండరలు 16, పేశులు (అంటే కండలు) 500. గుండ్రంగా ఉండే స్నాయువులే అక్కడ కండరలు. మనం మాత్రం పేశిని కండరం అంటున్నాం! తాడు పేరు కండకు వచ్చింది, వాడుకలో తాడుకు పేరు లేకుండా పోయింది.

ఆ తాడుకు అందరికీ అర్థమయ్యే మాట నాకు అత్యవసరం. చీలమండకు తొడిగే స్ప్రింగు పరికరాల గురించి కరపత్రం రాస్తున్నాను. బిందె పట్టుకుని కదలకుండా నిలబడినా చెయ్యి అలసిపోతుంది కదా, పిక్క కండ కూడా అంతే. అడుగు నేల మీద ఉండగా అది బిగబట్టి ఉంటే, స్నాయువు సాగి శక్తిని దాచుకుంటుంది, మడమ లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. కానీ బిగబట్టడానికే కండకు శక్తి ఖర్చవుతుంది. 2015లో అమెరికా పరిశోధకులు పిక్క వెనక ఒక స్ప్రింగు పెట్టి ఆ బరువులో కొంత దానికి అప్పగించారు. మోటారు లేదు, బ్యాటరీ లేదు. పాదం నేలను తాకగానే స్ప్రింగును పట్టి ఉంచి, కాలు గాలిలోకి లేచాక వదిలేసే చిన్న కొక్కెం ఉంది, అంతే. ఆరోగ్యవంతుల నడకలో శక్తి ఖర్చు సుమారు 7 శాతం తగ్గింది. స్ప్రింగు మరీ బిరుసైతే ఆ లాభం పోయింది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఒక సభ్యుడి వ్యాఖ్య: స్నాయువుకు సంస్కృతంలో వింటినారి అనే అర్థం కూడా ఉందండీ. ‘మడమ నారి’ అంటే సరిపోదా?

నా జవాబు: వినసొంపుగా ఉంది గానీ, విల్లు ఎక్కుపెట్టినప్పుడు వంగి శక్తిని దాచేది బద్దే, నారి కాదు. ఇక్కడ సాగేది తాడే. అందుకే కరపత్రంలో ‘మడమ తాడు’ అని రాసి, పక్కన స్నాయువు అని పెట్టాను. పెద్దాయనకు చదివి వినిపిస్తే వెంటనే అర్థమైంది. ఎముకను ఎముకతో కట్టే లిగమెంటుకు మీ ఊళ్లలో వాడుకమాట ఉంటే చెప్పండి, మా దగ్గరికి వచ్చేవారు దాన్నీ నరమే అంటున్నారు.