నాలుగో మూలలో వచ్చేది సిగ్నలా, చెదిరిన కాంతా? ఫోర్ వేవ్ మిక్సింగ్ చేసినవాళ్లు చెప్పండి

తేజోరేఖ:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడు నాది. ఒక డై (రంగు పదార్థం) ద్రావణంలో డీజెనరేట్ ఫోర్ వేవ్ మిక్సింగ్ చేస్తున్నాను, అంటే ఒకే రంగు కిరణాలు మూడు పదార్థంలో కలిసి నాలుగోదాన్ని పుట్టించడం. లేజర్ 800 నానోమీటర్లు, 100 ఫెమ్టోసెకన్ల పల్సులు, సెకనుకి 1000. ఒకే కిరణాన్ని మూడుగా చీల్చి, చతురస్రం మూడు మూలల నుంచి లెన్సు మీదకి పంపి, క్యువెట్‌లో (ద్రావణం పోసే చిన్న గాజు పాత్రలో) ఒకే చోట కలిసేలా పెట్టాను, బాక్స్‌కార్స్ అమరిక అంటారు కదా, అదే. నాలుగో మూలలో ఫోటోడయోడ్‌కి ఏదో అందుతోంది, కానీ డిలే స్టేజ్ (కిరణం దారి పొడవు మార్చి, పల్స్ చేరే సమయాన్ని ముందుకీ వెనక్కీ జరిపేది) ఎంత జరిపినా అందులో మార్పు లేదు. మూడు వారాలుగా ఇదే గొడవ. సోమవారం మా గైడ్‌కి చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఇది సిగ్నలేనా? ఇంకో సందేహం కూడా ఉంది. లోపలికి వెళ్లే మూడూ ఒకే రంగు, బయటికొచ్చేదీ అదే రంగు, మరి నాలుగోది కొత్తగా పుట్టిందని ఎలా నమ్మాలి?

గాజుపలక:
తేజ గారూ, డిలేకి మారకపోతే అది సిగ్నల్ కాదు, చాలావరకు క్యువెట్ గోడ నుంచి చెదిరిన కాంతే అయ్యుంటుంది. ముందు ఒక్కో కిరణానికి అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. నిజమైన సిగ్నల్‌కి మూడూ కావాలి, ఏ ఒక్కటి ఆపినా అది పూర్తిగా ఆరిపోవాలి. కాస్త తగ్గడం కాదు, ఆరిపోవాలి. ఆ తర్వాత కిరణాన్ని చీల్చక ముందే న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ పెట్టి పవర్ సగం చేయండి. చెదిరిన కాంతి సగమే అవుతుంది, సిగ్నల్ మాత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే అది మూడు కిరణాల తీవ్రతలూ గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది.

మీ రెండో సందేహానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. రెండు కిరణాలు కలిసిన చోట వెలుగు చారలూ చీకటి చారలూ ఏర్పడతాయి, ఆ చారల వెంట ద్రావణం వక్రీభవన గుణకం కొద్దిగా మారి ఒక గ్రేటింగ్ తయారవుతుంది, మూడో కిరణం దాని మీద పడి వివర్తనం చెంది ఖాళీగా ఉన్న నాలుగో మూలకి పోతుంది. రంగు అదే అయినా దిక్కు కొత్తది. ఆ మూలలో మీరు పెట్టిన కిరణం ఏదీ లేదు కదా, అందుకే ఈ అమరిక ఇంత పనికొస్తుంది.

అసలు చిక్కు జీరో డిలే దగ్గరే, అంటే పల్సులన్నీ ఒకే క్షణంలో చేరే చోటు దగ్గరే, ఉందని నా అనుమానం. 100 ఫెమ్టోసెకన్లలో కాంతి పోయేది 30 మైక్రోమీటర్లు. స్కేలు పెట్టి దారులు సమానం చేస్తే ఒక మిల్లీమీటరు తేడా ఎలాగూ ఉంటుంది, అంటే 3 పికోసెకన్ల (3000 ఫెమ్టోసెకన్ల) పైనే, పల్స్ కంటే 30 రెట్లు ఎక్కువ. కళ్లు మూసుకుని వెతికినట్టే. క్యువెట్ తీసేసి సరిగ్గా అక్కడే కాంతి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసే పల్చటి బీబీఓ క్రిస్టల్ పెట్టండి. మూడో కిరణాన్ని ఆపి, మొదటి రెండింటితో మొదలుపెట్టి స్టేజ్‌ని 5 మైక్రోమీటర్ల చొప్పున జరపండి. రెండు పల్సులూ ఒకే క్షణంలో చేరినప్పుడు వెనక తెల్ల కాగితం మీద, రెండు చుక్కల మధ్యలో, ఇంతకుముందు లేని నీలం చుక్క ఒకటి వెలుగుతుంది, అది 400 నానోమీటర్లు. తర్వాత మొదటిదీ మూడోదీ. ఆ రెండు చోట్లూ స్టేజ్ రీడింగ్ రాసిపెట్టుకోండి. గాగుల్స్ తియ్యొద్దు, 800 కంటికి సరిగా ఆనదు కాబట్టి ఇంకా ప్రమాదం.

వెంటనే డైకి వెళ్లకండి. ముందు కార్బన్ డైసల్ఫైడ్‌తో చూడండి, సిగ్నల్ గట్టిగా వస్తుంది, అణువులు తిరిగి సర్దుకోవడానికి టైం పడుతుంది కాబట్టి ఒకటి రెండు పికోసెకన్ల తోక కూడా కనిపిస్తుంది. అది విషం, తేలిగ్గా అంటుకుంటుంది, మూత బిగించిన క్యువెట్‌లోనే వాడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లు పోర్ఫిరిన్ల మీద ఇలాంటి కొలతలు చాలా చేశారు, వాళ్ల పేపర్లలో ప్రయోగం భాగం ఓపిగ్గా చదవండి.

ఫైబర్‌దారి:
నేను టెలికాంలో పనిచేస్తాను, మాకు ఇదే మిక్సింగ్ పెద్ద తలనొప్పి. మీరు దాన్ని పుట్టించడానికి కష్టపడుతున్నారు, మేం పుట్టకుండా ఆపడానికి. ఒకే ఫైబర్‌లో 8 చానళ్లు (ఒక్కోటి ఒక్కో పౌనఃపున్యం కాంతి) పంపితే 224 కొత్త పౌనఃపున్యాలు పుట్టే వీలుంది, చానళ్ల మధ్య దూరం సమానమైతే వాటిలో చాలావరకు నేరుగా మన చానళ్ల మీదే వచ్చి పడతాయి. 1550 నానోమీటర్ల దగ్గర డిస్పర్షన్ (రంగును బట్టి కాంతి వేగం మారడం) సున్నా చేసిన ఫైబర్‌ని ఒకప్పుడు గొప్పగా అనుకున్నారు, జపాన్‌లో చాలా వేశారు కూడా, కానీ డిస్పర్షన్ లేకపోతే అలలన్నీ కలిసే నడుస్తాయి, ఫేజ్ కుదిరిపోయి (అలల ఎత్తుపల్లాలు ఒకదానితో ఒకటి సరిపోయి) ఈ బెడద ముదురుతుంది. అందుకే తర్వాతి ఫైబర్‌లో కావాలనే కొంచెం డిస్పర్షన్ ఉంచారు. మీ బాక్స్‌కార్స్‌లో కోణాలతో సాధించేది కూడా ఆ ఫేజ్ కుదరడమే, చతురస్రం కాస్త వంకరైనా సిగ్నల్ తగ్గిపోతుంది. లెన్సు ముందు నాలుగు రంధ్రాల అట్ట ఒకటి పెట్టి సరిచూసుకోండి.

నీలికిరణం:
రంగు మారితేగానీ నమ్మకం కుదరదనుకుంటే రుబీడియం ఆవిరి చూడండి. వేడి చేసిన గాజు సెల్‌లోకి 780, 776 నానోమీటర్ల కిరణాలు పంపితే అవతలివైపు 420 నానోమీటర్ల నీలం కిరణం సన్నగా, సూటిగా బయటికొస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. స్క్వీజ్డ్ లైట్‌ని (క్వాంటం నాయిస్‌ని ఒక పక్క మామూలు కంటే తగ్గించిన కాంతిని) మొట్టమొదట 1985లో బెల్ ల్యాబ్స్‌లో సోడియం పరమాణువుల్లో చూపించింది కూడా ఫోర్ వేవ్ మిక్సింగ్‌తోనే. మీరు పట్టుకున్నది చిన్న విషయం కాదండీ, వదలొద్దు.

తేజోరేఖ:
గాజుపలక గారూ, మీరన్నదే నిజం. రెండో కిరణం ఆపినా నా రీడింగ్ అలాగే ఉంది. నిన్న రాత్రి బీబీఓ పెట్టాను, రెండింటికి నీలం చుక్క కనబడింది, స్టేజ్ మీద 1.4 మిల్లీమీటర్లు తప్పు ఉంది! కార్బన్ డైసల్ఫైడ్‌లో నాలుగో మూల వెలిగింది, ఏ కిరణం ఆపినా ఆరిపోతోంది. డైలో కూడా వస్తోంది, కానీ ఉత్త సాల్వెంట్ పెట్టినా దాదాపు అంతే వస్తోంది, దాన్ని తీసేయడం ఎలా?

గాజుపలక:
శభాష్. సాల్వెంట్‌కీ క్యువెట్ గాజుకీ కూడా ఈ గుణం ఉంటుంది, ఏ పదార్థమూ దీనికి మినహాయింపు కాదు. తీవ్రతల్లోంచి తీసివేయకండి, కలిసేది అలల ఆంప్లిట్యూడ్‌లు (ఎత్తులు), తీవ్రత వాటి మొత్తం వర్గాన్ని బట్టి ఉంటుంది. డై గాఢత నాలుగైదు రకాలుగా మార్చి, ప్రతిదానికీ సిగ్నల్ వర్గమూలం గ్రాఫ్ గీయండి. 800 దగ్గర మీ డై కాంతిని పీల్చకపోతే అది సరళరేఖ మీదకి రావాలి, దాని వాలులోంచి డై వాటా దొరుకుతుంది. పీల్చుకుంటుంటే లెక్క మారుతుంది, స్పెక్ట్రమ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.